మా చిన్నాన్న పోలీసా, కాదా?



కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. హాస్టల్లో మెట్ల దగ్గర మాత్రమే సిగ్నల్ అందుతుంది, అక్కడ కూర్చుని మూడు రాత్రుల నుంచి కొంచెం కొంచెంగా రాస్తున్నాను. అక్కడక్కడ తప్పులుంటే పెద్దవాళ్ళు సరిచేయండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న ఒక మాట పెట్టాడు. "రిటైరైన పోలీసోళ్ళకి, వాళ్ళ పెళ్ళాలకి గవర్నమెంటు డబ్బుతో కార్పొరేట్ ఆసుపత్రిలో వైద్యం. మన పీహెచ్‌సీలో మాత్రం పాము కాటుకి ఇంజక్షన్ ఉందో లేదో తెలీదు. ఇదేం న్యాయం?" అని. దాదాపు అందరూ లైక్ కొట్టారు. నేనూ కొట్టబోయాను. కొట్టలేకపోయాను. ఎందుకంటే అది చదువుతుంటే మా చిన్నాన్న గుర్తొచ్చాడు. ఇరవై ఏడేళ్ళు ఖాకీ వేసుకున్నాడు, ఊళ్ళో అందరూ "పోలీసు" అనే పిలుస్తారు. ఆ అన్న చెప్పిన వైద్యం మా చిన్నాన్నకి ఒక్క రోజు కూడా అందలేదు.

మా చిన్నాన్న హోంగార్డు.

ముందు ఆ కార్డు సంగతి చెప్తాను. మనలో చాలామందికి ఆరోగ్యశ్రీ ఒక్కటే తెలుసు. ఇది వేరే. ఉద్యోగులకి, పెన్షనర్లకి ఈహెచ్ఎస్ అని ఒక స్కీము ఉంది, ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడు 2013 డిసెంబరులో మొదలైంది. జీతంలోంచో పెన్షన్‌లోంచో నెలనెలా కొంత కోస్తారు, మిగతాది ప్రభుత్వం వేస్తుంది. కార్డు చూపిస్తే నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేర్చుకుంటారు. సర్వీస్ పెన్షన్ తీసుకునేవాళ్ళకి ఉంటుంది, భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆవిడకీ ఉంటుంది. సర్వీసులో ఉన్న పోలీసులకి ఆరోగ్య భద్రత అని వాళ్ళ శాఖదే ఇంకో స్కీము. అంటే కానిస్టేబుల్‌గా చేరిన మనిషికి డ్యూటీలో ఉన్నంత కాలం ఒక కార్డు, దిగిపోయాక ఇంకో కార్డు.

ఇందులో నాకు తప్పు కనిపించలేదు. రాత్రుళ్ళు నిద్రలేని డ్యూటీలు, బందోబస్తులు, బీపీ, షుగరు, మోకాళ్ళు అరిగిపోవడం, ఇవన్నీ ఆ ఉద్యోగం ఇచ్చిన రోగాలే. ముప్పై ఏళ్ళు వాడుకున్న మనిషిని అరవై దాటాక వదిలేయకూడదు. అది దయ కాదు, ఇవ్వాల్సిన బాకీ. నా గొడవంతా ఆ బాకీ ఎవరికి ఉందో లెక్కేసిన పద్ధతి మీద.

ఈహెచ్ఎస్ ఎవరికి వర్తించదు అని ఒక లిస్టు ఉంటుంది. మా సీనియర్ ఒకన్న చూపిస్తే ఇద్దరం కూర్చుని చదివాం. అందులో ఆరోగ్య భద్రత ఉన్న పోలీసులు ఉన్నారు. వాళ్ళకి వేరే స్కీము ఉంది కాబట్టి ఇది అక్కర్లేదు, సరే. అదే లిస్టులో కొంచెం కిందికొస్తే క్యాజువల్, రోజుకూలీ పనివాళ్ళు ఉన్నారు. వీళ్ళకి వేరే స్కీము ఉందని కాదు. వీళ్ళు లెక్కలో మనుషులు కారు కాబట్టి. ఒకే కాగితం మీద ఇద్దరికీ "వర్తించదు" అనే రాశారు. ఒకడికి అన్నం తినేశాడు కాబట్టి వడ్డించలేదు, ఇంకొకడిని పంక్తిలోనే కూర్చోబెట్టలేదు.

హోంగార్డుకి జీతం ఉండదు. డ్యూటీ అలవెన్స్ అంటారు, రోజు లెక్కన. మన రాష్ట్రంలో 2019లో రోజుకి 600 నుంచి 710 చేశారు. ముప్పై రోజులూ చేస్తే 21,300. తెలంగాణలో 921 ఉండేది, 2025 నుంచి 1,000 చేశారు. అక్కడ చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని కూడా అన్నారు, మంచిదే. కానీ చచ్చిపోతే ఎంతిస్తారో లెక్క ఉంది, చావకుండా చూసుకోవడానికి లెక్క లేదు.

ఎందుకిలా అంటే హోంగార్డు "స్వచ్ఛంద" మనిషి అంట. 1946 డిసెంబరు 6న బొంబాయిలో అల్లర్లప్పుడు పోలీసులకి సాయంగా ఊరి జనం నుంచి కొందరిని తీసుకోవడంతో ఈ హోంగార్డులు మొదలయ్యారు. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా పెంచారు. అప్పటి ఆలోచన ఏంటంటే, నీకు నీ పని నీకుంటుంది, అవసరం వచ్చినప్పుడు వచ్చి నాలుగు రోజులు డ్యూటీ చేసి వెళ్ళిపోతావు అని. మాస్టారో, దుకాణం ఆయనో అలా చేస్తే అది స్వచ్ఛందమే. మా చిన్నాన్న ఇరవై ఏడేళ్ళు పొద్దున్న లేచి స్టేషన్‌కే వెళ్ళాడు. సంత రోజు సంతలో, ఎలక్షన్లప్పుడు బూత్‌లో, జాతరప్పుడు జాతరలో. కాఫీ పళ్ళు కోసే నెలల్లో కూడా ఇంటి దగ్గర ఉండేవాడు కాదు, పిన్నే కూలీలని పెట్టుకుని కోయించేది. ఇది స్వచ్ఛందం అయితే మరి ఉద్యోగం అంటే ఏంటో నాకు తెలీదు.

సుప్రీంకోర్టు కూడా 2015 మార్చిలో దీని మీద తీర్పు ఇచ్చింది. హిమాచల్, పంజాబ్, ఢిల్లీ హోంగార్డులు వేసిన కేసులు అవి. కోర్టు ఏమంది? పర్మనెంట్ చేయమని మేం చెప్పలేం, కానీ వీళ్ళు పోలీసుల డ్యూటీలే చేస్తున్నారు కాబట్టి నెలకి 30 రోజులు చేస్తే కానిస్టేబుల్ కనీస పే ఎంతో అంత వచ్చేలా అలవెన్స్ ఇవ్వండి అంది. సగం న్యాయం. పని పోలీసు పనే అని ఒప్పుకున్నారు. కానీ పర్మనెంట్ లేకపోతే పెన్షన్ లేదు, పెన్షన్ లేకపోతే "పెన్షనర్" కాదు, పెన్షనర్ కాకపోతే ఆ హెల్త్ కార్డు రాదు. గొలుసు మొత్తం ఆ ఒక్క మాట దగ్గర తెగిపోతుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఎవరినీ తిట్టడానికి కాదు, ఎలా జరిగిందో తెలియాలని చెప్తున్నాను.

చిన్నాన్నకి వయసు అయిపోయిందని డ్యూటీ నుంచి దించేశారు. ఆ రోజు శాలువా కప్పి ఒక చెక్కు ఇచ్చారు. రెండు లక్షల చిల్లర. పేపర్లో ఇలాంటి ఫొటోలు మీరూ చూసుంటారు. ఆ డబ్బు ప్రభుత్వం ఇచ్చింది అనుకుంటారు అందరూ. కాదు. తోటి హోంగార్డులు తలా ఒక రోజు డ్యూటీ డబ్బు వదులుకుని పోగుచేసి ఇచ్చింది. రోజుకి ఏడొందలు వచ్చేవాళ్ళు ఇంకొకడి ముసలితనానికి ఇచ్చుకున్న ఇన్సూరెన్సు అది. చిన్నాన్న ఇరవై ఏడేళ్ళలో ఎంతమందికి అలా ఇచ్చాడో లెక్క లేదు. ఆ చెక్కు బ్యాంకులో వేసి, రేకులు తీసేసి శ్లాబు వేద్దామనుకున్నారు.

ఎనిమిది నెలలకి గుండె నొప్పి వచ్చింది. పసుపు ఉడకబెడుతూ అక్కడే కూలబడ్డాడు. 108లో పాడేరు, అక్కడ్నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం. వంద కిలోమీటర్లు పైనే. నేను హాస్టల్ నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. ప్రైవేటు ఆసుపత్రి, పేరు వద్దు. స్టెంట్ వేయాలన్నారు. కౌంటర్ దగ్గర అబ్బాయి ఆధార్ కొట్టి చూసి "వీరికి ఆరోగ్యశ్రీ రాదండి, గవర్నమెంట్ ఎంప్లాయీ అని చూపిస్తోంది" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. గవర్నమెంట్ ఎంప్లాయీ అయితే ఈహెచ్ఎస్ ఉంటుంది కదా అన్నాను. అతను మళ్ళీ చూశాడు. "ఈహెచ్ఎస్‌లో పేరు లేదండి, వీరు ఎంప్లాయీ కాదు" అన్నాడు.

ఇదే మాట నేను ఇన్ని రోజులూ మర్చిపోలేకపోయాను. ఒకే కంప్యూటరు, ఒకే ఆధార్, ఐదు నిమిషాల తేడా. పేదోళ్ళ పథకం అడిగితే నువ్వు ఉద్యోగివి. ఉద్యోగుల పథకం అడిగితే నువ్వు వాలంటీరువి. డ్యూటీ అలవెన్స్ ట్రెజరీ నుంచి అకౌంట్లో పడేది కాబట్టి ఎక్కడో ఉద్యోగి అని ముద్ర పడిపోయింది. దిగిపోయి ఎనిమిది నెలలైనా ఆ ముద్ర తీసేవాడు లేడు. తర్వాత మా దగ్గర ఆఫీసులో అడిగితే పైనుంచి తీయాలన్నారు, పై ఆఫీసులో అడిగితే కింద నుంచి రాసి పంపాలన్నారు. ఇప్పటికీ తిరుగుతున్నాం.

పక్క బెడ్డులో రిటైరైన ఏఎస్ఐ ఒకాయన ఉన్నారు, మైదానం వైపు ఆయన. ఈహెచ్ఎస్ కార్డు మీద చేరారు. మంచి మనిషి, పిన్నికి టిఫిను కూడా తెప్పించి పెట్టారు. చిన్నాన్న ఏ స్టేషన్‌లో చేశాడో చెప్తే "నేనూ అక్కడ రెండేళ్ళు చేశానమ్మా" అన్నారు. తర్వాత మెల్లగా "మాకు దారి చూపించింది మీవాళ్ళే. ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో, ఏ ఊళ్ళో ఏ భాష మాట్లాడాలో మాకేం తెలుసు" అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనకి వచ్చింది ఆయన హక్కు. ఆ హక్కు మంచం పక్కన మంచానికి రాకపోవడమే నా బాధ. ఆయన కష్టాలు ఆయనకీ ఉన్నాయి లెండి. కార్డు ఉన్నా ముందు అడ్వాన్స్ కట్టమన్నారంట, బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనే వార్తలు మనం పేపర్లో చూస్తూనే ఉన్నాం. కార్డు ఉన్నవాళ్ళంతా సుఖంగా ఉన్నారని నేను అనట్లేదు.

మొత్తం చాలా డబ్బు అయింది. ఆ శాలువా రోజు చెక్కు అలాగే వెళ్ళిపోయింది. మిగతాదానికి వచ్చే కాఫీ పంట మీద సావుకారు దగ్గర ముందే తెచ్చారు. చిన్నాన్న బాగానే ఉన్నాడు. శ్లాబు మాట ఎత్తట్లేదు.

ఇప్పుడు సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్‌లో చేసి వచ్చినవాళ్ళ సంగతి. మన మండలాల్లో అలాంటి మామలు, అన్నలు కొంతమంది ఉన్నారు. వాళ్ళది కేంద్రం లెక్క. సర్వీసులో ఉన్నవాళ్ళకి 2021 జనవరి నుంచి ఆయుష్మాన్ సీఏపీఎఫ్ అని పెట్టారు. రిటైరైనవాళ్ళు సీజీహెచ్ఎస్‌లో చేరొచ్చు. నెలనెలా కట్టొచ్చు, లేదా పదేళ్ళది ఒకేసారి కట్టేస్తే జీవితాంతం కార్డు. పే లెవెల్ 1 నుంచి 5 దాకా నెలకి 250, అంటే ఒకేసారి 30,000. బయట ఇన్సూరెన్సు కంపెనీలు అరవై దాటిన గుండె జబ్బు మనిషికి ఈ రేటుకి దగ్గరకి కూడా రానివ్వవు. ఇది తెలియక కట్టనివాళ్ళు మనవాళ్ళలో ఉంటే దయచేసి చెప్పండి.

కానీ సీజీహెచ్ఎస్ సెంటర్ మనకి దగ్గరలో అంటే విశాఖలోనే. ముంచింగిపుట్టు నుంచి బీపీ మాత్రల కోసం విశాఖ వెళ్ళి రావాలంటే ఒక రోజు పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది. సెంటర్ లేని ఊళ్ళలో ఉండే పెన్షనర్లకి మందుల ఖర్చు కింద నెలకి కొంత డబ్బు ఇస్తారు, 2017 జులై నుంచి అది 1,000 రూపాయలు. అది తీసుకుంటూనే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రం సీజీహెచ్ఎస్ వాడుకునే వీలు కూడా ఉంది. మనలాంటి చోట ఉన్నవాళ్ళకి అదే నయం. అయినా రూల్ రాసినవాడి కళ్ళ ముందు ఉన్నది కాలనీలో ఉండే పెన్షనరు, కొండ మీద ఉండే పెన్షనరు కాదు.

ఇక్కడ కొంతమంది అన్నలు నన్ను ఒక ప్రశ్న అడుగుతారని తెలుసు. అడగాలి కూడా. "పోలీసుల గురించి మనకెందుకురా? వాకపల్లి మర్చిపోయావా?" అని.

మర్చిపోలేదు. 2007 ఆగస్టులో వాకపల్లిలో మన కోదు ఆడపడుచులు 11 మంది పోలీసుల మీద ఫిర్యాదు చేశారు. పదహారేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు 13 మంది పోలీసుల మీద కేసు కొట్టేసింది, దర్యాప్తు సరిగ్గా చేయలేదని కూడా అదే కోర్టు చెప్పి ఆ ఆడవాళ్ళకి పరిహారం ఇవ్వమంది. ఆ తీర్పు వచ్చినప్పుడు నేను ఇంటర్ కూడా అయిపోలేదు. మా అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. కాబట్టి ఖాకీ అంటే మన ఊళ్ళలో ఎందుకు తలుపులు వేసుకుంటారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా చిన్నాన్నతోనే కొన్నేళ్ళు మా తాత మాట్లాడలేదు.

కానీ ఆ ఖాకీలోకి మన పిల్లల్నే ఎలా తీసుకున్నారో కూడా చూడాలి. బార్డర్ అవతల ఛత్తీస్‌గఢ్‌లో ఎస్పీవోలని పెట్టారు, ఎక్కువమంది ఆదివాసీ కుర్రాళ్ళే. నెలకి 3,000 ఇచ్చి తుపాకీ చేతికిచ్చారు. 2011 జులైలో సుప్రీంకోర్టు అది తప్పు, ఆపేయండి అంది. చదువు లేని, వేరే దారి లేని పిల్లల్ని తక్కువ డబ్బుకి ప్రమాదంలోకి తోస్తున్నారు అన్నదే ఆ తీర్పులో ముఖ్యమైన మాట. మన హోంగార్డులది అంత ఘోరం కాదు, రెండూ ఒకటే అని నేను అనను. కానీ ఆలోచన ఒకటే. అడవి తెలిసినవాడు కావాలి, భాష తెలిసినవాడు కావాలి, చౌకగా కావాలి, తర్వాత అడగకూడదు. పోలీసు శాఖ మీద కోపం ఉన్నవాళ్ళు కూడా దీని మీద కోపం పడొచ్చు. రెండూ ఒకే కోపం అనిపిస్తుంది నాకు.

ఇంకో ప్రశ్న మా రూమ్మేట్ అడిగాడు. ఆశా వర్కర్లు, అంగన్‌వాడీ ఆయాలు కూడా ఇలాగే కదా, హోంగార్డులకే ఎందుకు అని. నిజమే. వాళ్ళకీ కావాలి. నేను మా ఇంట్లో చూసింది రాస్తున్నాను. ఆశా అక్కల పిల్లలు ఎవరైనా వాళ్ళది రాస్తే నేనే ముందు షేర్ చేస్తాను.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పర్మనెంట్ చేయమని అడగట్లేదు, అది వేరే పోరాటం. ఇన్నేళ్ళు డ్యూటీ చేసిన హోంగార్డుకి, పదిహేనో ఇరవయ్యో ఏదో ఒక లెక్క పెట్టుకోండి, దిగిపోయాక భార్యాభర్తలిద్దరికీ ఈహెచ్ఎస్ ఇవ్వాలి. వాళ్ళ వాటా వాళ్ళు కడతారు, ఊరికే వద్దు. "పెన్షనర్" అనే మాట బదులు "సర్వీసు" అనే మాట చూడమని అడుగుతున్నా. అది తేలేలోపు కనీసం డ్యూటీ ఆగిన రోజే ఆ "ఉద్యోగి" ముద్ర తీసేయాలి, పేదోడిగా అయినా వైద్యం దొరుకుతుంది. దీనికి డబ్బు కూడా ఖర్చవదు. ఒక బటన్ నొక్కాలి అంతే. ఆ తర్వాత పాడేరు. 2024లో అక్కడ మెడికల్ కాలేజీ మొదలైంది కదా. గుండెకి సంబంధించిన వైద్యం అక్కడే దొరికితే, కార్డు ఉన్నా లేకపోయినా అందరం ఘాట్ రోడ్డు మీద ప్రాణాలు పట్టుకుని దిగే పని తప్పుతుంది.

మన గ్రూపులో సగం మంది కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాం. పోయినసారి 6,100 పోస్టులకి 2022లో నోటిఫికేషన్ ఇస్తే ఫైనల్ రిజల్ట్ 2025లో వచ్చింది. మధ్యలో మూడేళ్ళు. అంత కాలం ఆగలేక "ముందు హోంగార్డుగా చేరిపోతాను, తర్వాత చూద్దాం" అనుకునే తమ్ముళ్ళు ఉన్నారు. చేరొద్దు అని చెప్పను, ఇంట్లో పరిస్థితి ఎవరిది వాళ్ళకే తెలుసు. మా చిన్నాన్న కూడా "తర్వాత చూద్దాం" అనే చేరాడంట. చేరే ముందు అరవై ఏళ్ళకి ఏం ఉంటుందో అడిగి, చెప్పింది కాగితం మీద చూసి చేరండి.

ఇంకో పని ఉంది, మీ సాయం కావాలి. మీ ఇళ్ళల్లో హోంగార్డుగా చేసి దిగిపోయినవాళ్ళు ఉంటే కింద కామెంట్లో మండలం, ఎన్నేళ్ళు చేశారు, ఇప్పుడు ఆరోగ్యశ్రీ చూపిస్తోందా లేక "ఉద్యోగి" అని చూపిస్తోందా, ఈ మూడూ రాయండి. పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు పెట్టొద్దు. ఆధార్ కొట్టి చూడటం రాని పెద్దవాళ్ళుంటే శని, ఆదివారాలు నేను ఊళ్ళోనే ఉంటాను, మా సంతకి వచ్చేవాళ్ళకి నేనే చూసి చెప్తాను. ఒక ముప్పై నలభై మంది లెక్క తేలితే అర్జీ మా సీనియర్ అన్న రాసిస్తానన్నాడు. నేరుగా ఐటీడీఏ పీవో గారికీ, ఎస్పీ గారికీ ఒకేసారి ఇద్దాం అంటున్నాడు. ఎవరికి ముందు ఇస్తే మంచిదో తెలిసినవాళ్ళు చెప్పండి.